నిజామియా గుమ్మటం నుంచి కావలూరు కొండ దాకా: వైను బప్పు ఉద్యోగ జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, రాజుల గురించీ యుద్ధాల గురించీ వ్రాసేవారు మనలో చాలామంది ఉన్నారు కనుక, నేను ఒక ఉద్యోగి గురించి వ్రాస్తానని చెప్పాను. ఆయన ఉద్యోగం నక్షత్రాలను చూడటం. రిటైర్మెంటు దాకా కూడా బ్రతకలేదు. పేరు మనాలి కల్లట్ వైను బప్పు. మన పిల్లలకు విక్రం సారాభాయి పేరు తెలుసు, అబ్దుల్ కలాం గారి పేరు తెలుసు. బప్పుగారి పేరు చెబితే మాత్రం, ఆయన పెరిగి పెద్దవాడైన ఈ హైదరాబాదులోనే, నూటికి తొంభైమంది తెల్లమొహం వేస్తారు.

నా ఉద్యోగమంతా లెక్కల శాఖలో గడిచింది. ఖగోళశాస్త్రంలో నాకు పట్టాలేమీ లేవు. చిన్నతనంలో మేము అమీర్‌పేట ప్రాంతంలో ఉండేవాళ్ళం. అక్కడి నిజామియా వేధశాల గుమ్మటాలు మాకు కొండగుర్తు. "గుమ్మటాల దగ్గర ఎడమకు తిరగండి" అని చుట్టాలకు దారి చెప్పేవాళ్ళం. ఆ గుమ్మటాల లోపల ఏం జరిగేదో ఆ పేటలో ఎవరికీ సరిగా తెలియదు. చదివే అలవాటు, చదవడానికి తీరిక రెండూ కుదిరింది ఉద్యోగ విరమణ తరువాతే. అప్పుడు తెలుసుకున్న సంగతులివి.

నిజామియా కథ ఒక నవాబుగారి సరదాతో మొదలయింది. ఇంగ్లాండులో చదువుకొని వచ్చిన నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలోని తమ ఎస్టేటులో వేధశాల ఏర్పాటు చేసుకున్నారు. గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించారు. దానికి నిజాం ప్రభువు పేరు పెట్టి, తన తరువాత ప్రభుత్వం స్వీకరించాలని కోరారు. ఆ ప్రకారమే 1908లో అది సర్కారు చేతికి వచ్చింది. మన లెక్కల శాఖవారు గర్వపడదగిన సంగతి ఒకటుంది. మొదట్లో ఈ వేధశాల ఫైనాన్సు శాఖ అజమాయిషీ కింద నడిచింది. 1919లో గాని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించలేదు. మొదటి డైరెక్టరు ఛాట్‌వుడ్ దొరగారు. ఆయన హయాంలోనే వేధశాల బేగంపేట వైపు, అంటే ఇప్పుడున్న చోటికి వచ్చింది.

ఆ రోజుల్లో ప్రపంచంలోని వేధశాలలన్నీ కలిసి ఒక మహాకార్యం తలపెట్టాయి. ఆకాశమంతటినీ ముక్కలు ముక్కలుగా పంచుకొని ఫోటోలు తీసి, ఒక్కొక్క నక్షత్రం స్థానాన్నీ కొలిచి పట్టిక వేయడం ఆ పని. ఊరి పొలాలన్నీ గొలుసు పట్టి కొలిచి సర్వే సెటిల్‌మెంటు చేసినట్లే, ఇది ఆకాశానికి సర్వే సెటిల్‌మెంటు. దక్షిణ అమెరికాలో చిలీ దేశపు శాంటియాగో వేధశాలకు కేటాయించిన ఒక పట్టీని వారు చేయలేకపోతే, ఆ భారం హైదరాబాదు మీదకు వచ్చింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ అది. తరువాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా మనవాళ్ళే తలకెత్తుకున్నారు. ఛాట్‌వుడ్, ఆయన తరువాత పోకాక్, 1918లో పోకాక్ మరణించాక టి.పి. భాస్కరన్ శాస్త్రిగారు ఈ పనిని నడిపించారు. మొత్తం మీద ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు హైదరాబాదులో కొలవబడ్డాయి.

ఏడున్నర లక్షలు! పాఠకులు ఒక్క క్షణం ఆగి ఈ అంకెను ఆలోచించాలి. కాలిక్యులేటరు లేదు, కంప్యూటరు లేదు. గాజు పలకను యంత్రంలో బిగించి, సూక్ష్మదర్శినిలోంచి ఒక కన్నుతో చూస్తూ, ఒక్కొక్క చుక్కకు నిలువు కొలత, అడ్డం కొలత తీసి కాగితం మీద వేయాలి. వాటికన్ వేధశాలలో ఇదే పనికి సన్యాసినులను నియమించారు. మన దగ్గర నెల జీతం మీద పనిచేసే సహాయకులు చేశారు. డైరెక్టర్ల పేర్లు పుస్తకాల అట్టల మీద ఉన్నాయి. సహాయకుల పేర్లు వెతికితే గాని దొరకవు. మన శాఖల్లో మాత్రం ఎలా ఉండేది? బడ్జెట్టు పుస్తకం మీద కార్యదర్శిగారి సంతకం ఉంటుంది, అందులోని కూడికలు వేసిన గుమాస్తా పేరు ఎవరికి కావాలి?

అటువంటి సహాయకులలో ఒకరు కేరళలోని తలశ్శేరి ప్రాంతపు కుటుంబానికి చెందిన బప్పుగారు. ఆయన ఏకైక సంతానం మన వైను. 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టాడు. పెరిగింది హైదరాబాదులో. తండ్రి రాత్రి డ్యూటీకి వెళితే కొడుకు వెంట వెళ్ళేవాడు. మన పిల్లలు మన ఆఫీసుకు వస్తే కుర్చీలో గిరగిరా తిరిగి, స్టాంపులు కొట్టి ఆనందించేవారు. ఈ పిల్లవాడికి అక్కడ దొరికిన ఆటవస్తువు 15 అంగుళాల దూరదర్శిని.

నిజాం కాలేజీలో చదివే రోజుల నుంచే అతను చంచల తారలను గమనించడం మొదలుపెట్టాడు. వెలుగు ఎప్పుడూ ఒకేలా ఉండక హెచ్చుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలను అలా అంటారు. వాటి వెలుగును పక్కనున్న నక్షత్రాలతో పోల్చి రాత్రి తరువాత రాత్రి నమోదు చేస్తూ పోతే, నెలలకో సంవత్సరాలకో వాటి నడవడి తెలుస్తుంది. ఇది ఓపిక ఉన్నవాడి పని. ఇరవై ఏళ్ళు నిండకుండానే ఈ పరిశీలనలపై అతని వ్యాసాలు అచ్చయ్యాయి. కాలేజీలో భౌతికశాస్త్రం పాఠమే గాని ఖగోళశాస్త్రం పాఠం లేదు. అది తండ్రి దగ్గరా, ఆకాశం దగ్గరా నేర్చుకున్నదే.

స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం, 1947లో, అమెరికాలోని హార్వర్డు వేధశాల డైరెక్టరు హార్లో షాప్లే భారతదేశానికి వచ్చారు. మన సూర్యుడు పాలపుంత మధ్యలో లేడనీ, ఎక్కడో ఒక మూల ఉన్నాడనీ తేల్చిన పెద్దమనిషి ఆయనే. ఆ సందర్భంలోనే యువకుడైన బప్పు ఆయనను కలుసుకున్నాడు. రెండేళ్ళకు హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీద హార్వర్డులో చేరాడు. నిజాం రాజ్యం భారతదేశంలో కలిసిన సందడిలో, కాగితాలన్నీ ఒక ప్రభుత్వం నుంచి మరొక ప్రభుత్వానికి మారుతున్న రోజుల్లో, ఒక కుర్రవాడి స్కాలర్‌షిప్పు గల్లంతు కాకుండా అమెరికా చేరడం చిన్న విషయం కాదని, ఫైళ్ళతో జీవితం గడిపినవాడిగా నా అభిప్రాయం.

హార్వర్డు చేరిన కొద్ది నెలలకే, 1949 జులై 2న, ఒక ఫోటో పలక మీద కొత్త తోకచుక్క జాడ కనిపించింది. ఆ పరిశీలనలో బప్పుతో పాటు ఆచార్యుడు బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకర్క్ ఉన్నారు. ఆ తోకచుక్కకు ముగ్గురి పేర్లూ కలిపి బప్పు-బాక్-న్యూకర్క్ అని పేరు పెట్టారు. అందులో మొదటి పేరు మన నిజామియా సహాయకుని కొడుకుది. ఆ తోకచుక్క మళ్ళీ ఇటు రావడానికి పదుల వేల ఏళ్ళు పడుతుంది. అది కనుగొన్నందుకు పసిఫిక్ ఖగోళ సంఘం వారు ఆయనకు డొనహో పతకం ఇచ్చారు.

1952లో డాక్టరేటు వచ్చింది. వెంటనే కార్నెగీ ఫెలోషిప్పు మీద కాలిఫోర్నియాలోని పాలోమార్ వేధశాలకు వెళ్ళారు. అక్కడ 200 అంగుళాల దూరదర్శిని, అప్పటికి ప్రపంచంలోనే పెద్దది, కొత్తగా పని ప్రారంభించింది. అక్కడే ఓలిన్ విల్సన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి చేసిన పని ఆయన పేరును శాస్త్ర గ్రంథాలలో శాశ్వతం చేసింది. దానిని విల్సన్-బప్పు ప్రభావం అంటారు. సాధ్యమైనంత తేలికగా చెబుతాను.

రాత్రిపూట దూరంగా ఒక దీపం కనిపిస్తుంది. అది దగ్గర్లో ఉన్న జీరో బల్బా, మైళ్ళ దూరంలో ఉన్న పెద్ద ఫ్లడ్‌లైటా? కంటికి రెండూ ఒకే చుక్కలా కనిపించవచ్చు. నక్షత్రాల విషయంలో ఖగోళశాస్త్రజ్ఞుల బాధ ఎప్పుడూ ఇదే. దాని నిజమైన వెలుగు ఎంతో తెలిస్తేనే దూరం తెలుస్తుంది. నక్షత్ర కాంతిని పట్టకం వంటి దానిలోంచి పంపి రంగులుగా విడదీస్తే, ఆ రంగుల పట్టీలో అక్కడక్కడా నల్లని గీతలుంటాయి. అందులో కాల్షియం వల్ల ఏర్పడే ఒక పెద్ద గీతకు 'కె' అని పేరు. సూర్యుని కంటె చల్లనివి, సూర్యుని వంటివి అయిన నక్షత్రాలలో ఆ నల్లగీత నడుమ సన్నని వెలుగు గీత ఒకటి కనిపిస్తుంది. ఆ వెలుగు గీత వెడల్పు ఎంత ఎక్కువైతే నక్షత్రపు అసలు వెలుగు అంత ఎక్కువ. విల్సన్, బప్పు కనిపెట్టింది ఇదే. అంటే గీత వెడల్పు కొలిస్తే చాలు, జీరో బల్బో ఫ్లడ్‌లైటో తెలిసిపోతుంది, అక్కడి నుంచి దూరం లెక్క కట్టవచ్చు. మరుగుజ్జు నక్షత్రం నుంచి మహాకాయ నక్షత్రం దాకా ఈ సంబంధం చెక్కు చెదరకుండా సాగడం అప్పటి శాస్త్రజ్ఞులను అబ్బురపరచింది.

ఈ వ్యాసం 1957లో అచ్చయింది. అప్పటికి బప్పుగారు పాలోమార్‌లో లేరు. ఒక రాష్ట్ర ప్రభుత్వపు చిన్న వేధశాలలో, చిన్న చిన్న పరికరాల మధ్య ఉన్నారు. 1953లోనే భారతదేశానికి తిరిగి వచ్చేశారు.

ఈ తిరిగి రావడం దగ్గర నేను కొంచెం ఆగాలి. ఇవాళ మన ఇళ్ళలో పిల్లలు అమెరికాలో ఉన్నారు. వారు తిరిగి వస్తారా రారా అన్నది మన సాయంకాలపు నడకలలో ముఖ్య సంభాషణ. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. నా పెద్దకొడుకూ అక్కడే ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళ వయసులో, ప్రపంచంలోకెల్లా పెద్ద దూరదర్శిని దగ్గర పనిచేస్తూ, దానిని విడిచి, సరైన దూరదర్శిని ఒక్కటీ లేని దేశానికి రావడమంటే ఏమిటో వాడిని అడిగాను. వాడు చాలాసేపు ఆలోచించి, "నాన్నా, ఆయనకు ఇక్కడ చూడటానికి ఆకాశం ఉంది గాని, అక్కడ కట్టడానికి పని ఉంది" అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు.

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1954 ఏప్రిల్‌లో కాశీలో ఒక వేధశాల ప్రారంభించింది. దానికి ప్రోత్సాహమిచ్చినవారు డాక్టర్ సంపూర్ణానంద్. దాని అధిపతి, హిందూ గణితశాస్త్ర చరిత్రను దత్తాతో కలిసి వ్రాసిన ఆచార్య ఎ.ఎన్. సింగ్, ఆ వేసవిలోనే కాలం చేశారు. ఆ సంవత్సరాంతానికి ఆ బాధ్యత బప్పుగారి మీద పడింది. కాశీ పుణ్యక్షేత్రమే గాని గంగాతీరపు దుమ్ము, పొగమంచు, ఊరి దీపాలు నక్షత్రాలకు పనికిరావు. 1955లో వేధశాలను హిమాలయ పాదాల దగ్గర నైనితాల్‌కు తరలించారు. తరువాత మనోరా శిఖరం మీద స్థలం స్థిరపడి, 1961లో అక్కడికి మారింది. ఈ తరలింపుల భారమంతా మోసి, కట్టడాలు పూర్తయ్యేనాటికి ఆయన అక్కడ లేరు. ఈ అలవాటు ఆయన జీవితంలో మరోసారి, మరింత కఠినంగా ఎదురయింది.

1960లో కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరుగా వచ్చారు. వయసు ముప్పై రెండు, ముప్పై మూడు. కొడైకెనాల్ 1899 నాటి పాత సంస్థ, అంతకు ముందు మద్రాసు వేధశాలకు వారసురాలు. సూర్యుని పరిశీలనకు ప్రపంచ ప్రసిద్ధి. సూర్యుని మచ్చలలో వాయువులు లోపలి నుంచి వెలుపలికి ప్రవహించడాన్ని 1909లో ఎవర్షెడ్ కనుగొన్నది అక్కడే. ఇరవయ్యో శతాబ్దం మొదటి సంవత్సరాల నుంచీ అక్కడ దినదినమూ సూర్యుని ఫోటోలు తీస్తూనే ఉన్నారు. డైరెక్టర్లు మారారు, ప్రభుత్వాలు మారాయి, ఫోటోలు ఆగలేదు. రోజువారీ రిజిస్టరు విలువ మనకు తెలుసు. నూరేళ్ళ ఆ ఫోటోలను ఇప్పుడు కంప్యూటర్లలోకి ఎక్కించి ప్రపంచమంతా వాడుకుంటోంది.

కాని కొడైకెనాల్ పగలు సూర్యునికి పనికి వచ్చినంతగా రాత్రి నక్షత్రాలకు పనికిరాదు, మబ్బులు ఎక్కువ. పైగా సంస్థ వాతావరణ శాఖలో ఒక భాగం. వర్షం ఎప్పుడు పడుతుందో చెప్పవలసిన శాఖకు నక్షత్రాల వెలుగు కొలిచే పరికరం ఎందుకన్న ప్రశ్న రావడం సహజమే. ఆ శాఖను నేనేమీ అనను. ఏ శాఖలోనైనా, ముందు ఎన్నడూ కొనని వస్తువు కొనాలంటే పూర్వోదాహరణ చూపమంటారు. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో కొత్త రకం లెక్కింపు యంత్రం ఒకటి కొనడానికి రెండు సంవత్సరాలు ఫైలు తిరిగింది. చివరకు మంజూరు వచ్చేసరికి ఆ కంపెనీ ఆ యంత్రాన్ని తయారుచేయడం మానేసింది.

బప్పుగారు రెండు పనులు ఏకకాలంలో మొదలుపెట్టారు. ఒకటి, రాత్రి ఆకాశానికి మంచి చోటు వెతకడం. దక్షిణాదిన కొండలు గాలించి, చివరకు తమిళనాడులో అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జవ్వాది కొండలలో, చందనపు చెట్ల అడవి నడుమ కావలూరు అనే గ్రామం దగ్గర స్థలం ఖాయం చేశారు. సముద్రమట్టానికి సుమారు 725 మీటర్ల ఎత్తు. ఉత్తర అక్షాంశం పన్నెండున్నర డిగ్రీలు కావడం వల్ల దక్షిణాకాశం కూడా చాలావరకు కనిపిస్తుంది. యూరపు, అమెరికాలలోని పెద్ద వేధశాలలకు ఆ భాగ్యం లేదు. రెండవది, సొంత వర్క్‌షాపు, సొంత అద్దాల ప్రయోగశాల. కావలూరులో 1968లో పని మొదలుపెట్టిన మొదటి దూరదర్శిని, 38 సెంటీమీటర్లది, సంస్థవారు తమ చేతులతో చేసుకున్నదే.

1971 ఏప్రిల్ 1న, ఆర్థిక సంవత్సరం మొదటి రోజున, కొడైకెనాల్ సంస్థ వాతావరణ శాఖ నుంచి విడివడి భారతీయ ఖగోళ భౌతికశాస్త్ర సంస్థగా, స్వయంప్రతిపత్తి గల జాతీయ కేంద్రంగా ఏర్పడింది. డైరెక్టరు బప్పుగారే. కొన్నేళ్ళకు ప్రధాన కార్యాలయం బెంగుళూరు కోరమంగళకు వచ్చింది. 1972లో జర్మనీ నుంచి జైస్ కంపెనీవారి ఒక మీటరు దూరదర్శిని కావలూరు చేరింది. బిగించి కొద్ది కాలం కాలేదు, ఆ జూన్ 7న గురుగ్రహపు చందమామ గానిమీడు ఒక నక్షత్రం ముందు నుంచి సాగిపోయింది. ఆ కొద్ది నిమిషాల వెలుగు మార్పును పట్టుకొని గానిమీడుకు పలుచని వాతావరణం ఉందనడానికి సాక్ష్యం చూపారు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు భట్టాచార్య, కుప్పుస్వామి అదే దూరదర్శినితో చూశారు. ఆ గ్రహానికి వలయాలున్నాయని ప్రపంచానికి తెలిసిన రాత్రి అది. దానిని చూసినవారిలో కావలూరు కూడా ఒకటి.

ఆ నడుమ 1972లో భారత ఖగోళ సంఘం ఏర్పడింది. దానికి చాలా పూనుకొన్నది బప్పుగారు. సంఘం రిజిస్టరు అయినది హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయం చిరునామా మీద. అప్పటికి ఉస్మానియాలో ఆచార్య అభ్యంకర్ ఆధ్వర్యంలో రంగాపూర్ దగ్గర 48 అంగుళాల దూరదర్శిని పనిచేస్తోంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం రోజున రంగాపూర్‌కు శాస్త్రజ్ఞులు వచ్చారు. మన ఇళ్ళలో మాత్రం తలుపులు మూసుకొని దర్భలు వేసుకున్నాం. మా ఇంట్లోనూ అంతే, మా అమ్మగారి ఆజ్ఞ.

బప్పుగారి అసలు కల ఇంకా పెద్దది. 2.34 మీటర్ల దూరదర్శిని, మన దేశంలో, మన చేతులతో. కొనుక్కోవచ్చు. జర్మనీవాడు, అమెరికావాడు తయారుచేసి ఇస్తారు. లెక్కల మనిషిగా నేనైతే బహుశా కొనడమే చౌక అని నోట్ వ్రాసి ఉండేవాణ్ణి, ఆ నోట్ తప్పని ఎవరూ అనలేరు కూడా. బప్పుగారి లెక్క వేరు. కొన్నదానికి మరమ్మతు వస్తే మళ్ళీ వాడి దగ్గరకే పోవాలి, రెండవది కావలసివస్తే మళ్ళీ మొదటి నుంచి కొనాలి. చేసుకుంటే చేయి నేర్చుకుంటుంది.

గాజు దిమ్మ మాత్రం జర్మనీ నుంచి వచ్చింది. దానిని అద్దంగా అరగదీసి మెరుగుపెట్టే పని బెంగుళూరు ప్రయోగశాలలో ఎ.పి. జయరాజన్ గారి చేతి మీదుగా జరిగింది. ఏడున్నర అడుగుల పైచిలుకు వెడల్పు గల గాజును పుటాకారంగా తీర్చి, అందులో ఎక్కడా కాంతి తరంగపు పొడుగులో చిన్న పాలుకు మించిన మిట్టపల్లం లేకుండా చేయాలి. కొద్దిసేపు రుద్దడం, వేడి చల్లారేదాకా ఆగడం, కొలవడం, మళ్ళీ రుద్దడం. ఇలా నెలలు, సంవత్సరాలు. ఎక్కువ రుద్దితే పోయిన గాజు తిరిగి రాదు. దూరదర్శినిని మోసి తిప్పే భారీ ఇనుప చట్రాలు మహారాష్ట్రలోని వాల్‌చంద్‌నగర్ కర్మాగారంలో తయారయ్యాయి. చక్కెర మిల్లులకు, సిమెంటు ఫ్యాక్టరీలకు యంత్రాలు చేసిన చేతులు అవి.

ఈ పని సాగుతుండగానే గౌరవాలు వచ్చాయి. భట్నాగర్ బహుమతి 1970లోనే వచ్చింది. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడుగా ఎన్నికయ్యారు. 1981లో పద్మభూషణ్. 1982 ఆగస్టులో గ్రీసు దేశపు పాత్రాస్ నగరంలో ఆ అంతర్జాతీయ సంఘపు మహాసభ జరగవలసి ఉంది. అధ్యక్ష స్థానంలో కూర్చోవలసిన బప్పుగారు గుండె జబ్బుతో జర్మనీలోని మ్యూనిక్‌లో ఆసుపత్రి పాలయ్యారు. అక్కడ సభ జరుగుతుండగానే, ఇక్కడ ఆగస్టు 19న కన్నుమూశారు. యాభై అయిదో పుట్టినరోజు గడిచి తొమ్మిది రోజులు.

యాభై అయిదు! మన కాలంలో చాలామందికి అది ఉద్యోగ విరమణకు మరికొన్ని ఏళ్ళు మిగిలి ఉన్న వయసు.

భట్టాచార్యగారు డైరెక్టరు బాధ్యత తీసుకొని మిగిలిన పని పూర్తి చేశారు. 1986 జనవరి 6న ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ కావలూరు వచ్చి వేధశాలకు వైను బప్పు పేరు పెట్టారు. దూరదర్శినికీ అదే పేరు. ముప్పై ఏళ్ళపాటు దేశంలో దానిని మించిన కాంతి దూరదర్శిని లేదు. 2016లో నైనితాల్ దగ్గరి దేవస్థల్‌లో 3.6 మీటర్లది వచ్చాక గాని దాని స్థానం మారలేదు. ఆ దేవస్థల్ ఎవరిదంటే, కాశీ నుంచి నైనితాల్‌కు బప్పుగారు మోసుకుపోయిన ఆ పాత వేధశాల వారసులదే.

బెంగుళూరులో ఉన్న మా చిన్నకొడుకు దగ్గరకు వెళ్ళినప్పుడు ఒక శనివారం కావలూరు చూసి వచ్చాము. గుమ్మటం కింద నిలబడి పైకి చూస్తే మెడ నొప్పి పుట్టింది. మా శ్రీమతి, "ఇంత పెద్దది కట్టి ఆయన ఒక్కసారీ చూడలేదా?" అని అడిగింది. లేదన్నాను. "మరి వాళ్ళ నాన్నగారు?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. రాత్రి అక్కడి కుర్రవాడు చిన్న దూరదర్శినిలో చంద్రుణ్ణి చూపించాడు. మనవడు దిగనంటే దిగనని పట్టుబట్టి, వెనక వరుసలో వాళ్ళు విసుక్కునేదాకా చూశాడు.

బప్పుగారి సంస్థ ఇప్పుడు కావలూరుకే పరిమితం కాలేదు. లడఖ్‌లోని హాన్లేలో, సుమారు నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున, వారిదే రెండు మీటర్ల దూరదర్శిని ఉంది. బెంగుళూరులో కూర్చుని దానిని నడుపుతారు. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి సూర్యుణ్ణి చూడటానికి వెళ్ళిన ఆదిత్య ఉపగ్రహంలో ముఖ్యమైన పరికరం, సూర్యుని వెలుపలి కాంతివలయాన్ని గమనించేది, ఈ సంస్థవారు చేసిందే. గ్రహణం పడితే గాని కనిపించని ఆ వలయాన్ని అది నిత్యమూ చూస్తుంది. ఆదిత్య తన గమ్యస్థానం చేరిన తేదీ 2024 జనవరి 6. కావలూరుకు బప్పు పేరు పెట్టిన తేదీ కూడా జనవరి 6 అని నేను క్యాలెండరు చూసుకొని ఆశ్చర్యపోయాను. యాదృచ్ఛికమే, అయినా వ్రాయకుండా ఉండలేకపోయాను.

అమీర్‌పేటలో నిజామియా గుమ్మటాల చుట్టూ ఇప్పుడు ఊరు పెరిగిపోయింది. మెట్రో రైలు దూరాన పోతూ ఉంటుంది. ఊరి దీపాల వెలుగులో అక్కడి నుంచి చూడగలిగేది చంద్రుణ్ణీ, గ్రహాలనూ, నాలుగు పెద్ద నక్షత్రాలనూ మాత్రమే. ఆ భవనాలను బాగుచేసి, ఏడున్నర లక్షల నక్షత్రాలను కొలిచిన సహాయకుల పేర్లు వెతికి పట్టి ఒక పలక మీద చెక్కించి అక్కడ పెట్టాలని నా కోరిక. మన సంఘంలో విశ్వవిద్యాలయం నుంచి రిటైరైన మిత్రులున్నారు. పాత జీతాల రిజిస్టర్లు ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ పేర్లు వాటిలోనే ఉంటాయి. ఎవరికైనా ఆచూకీ తెలిస్తే సంఘం కార్యాలయానికి తెలియజేయగలరు. పాత రిజిస్టర్లు చదవడం నాకు వచ్చిన విద్యే.

కావలూరు చూడాలనుకునేవారికి రెండు మాటలు. వాణియంబాడి స్టేషనులో దిగి అలంగాయం మీదుగా వెళ్ళాలి. మేము వెళ్ళిన రోజుల్లో సందర్శకులను శనివారం నాడు రానిచ్చేవారు. బయలుదేరే ముందు సంస్థవారిని విచారించుకోవడం మంచిది. వానాకాలం వద్దు, మబ్బు ఉంటే ఏమీ కనపడదు. స్వెట్టరు, టార్చిలైటు తప్పనిసరి. టార్చిని గుమ్మటం దగ్గర మాత్రం వెలిగించకండి, వాళ్ళకు కోపం వస్తుంది.